షాపులకి కంప్యూటర్ పని వచ్చినవాళ్లు దొరకట్లేదు, చదువుకున్న పిల్లలకి ఉద్యోగాలు దొరకట్లేదు. తేడా ఎక్కడ?

రాణిగంజ్_శ్రీను
రాణిగంజ్‌లో మాది పంపులు, పైపు ఫిట్టింగుల షాపు, నాన్న పెట్టింది. వేల రకాల సరుకు ఉంటుంది. ఏది ఎంతుందో, ఏ రాక్‌లో ఉందో అంతా మా గుమాస్తా గారి బుర్రలోనే. ఆయనకి పెద్దవయసు వచ్చింది. ఆయన రాని రోజు, గోడౌన్‌లో ఉన్న సరుకుని కూడా లేదని చెప్పి కస్టమర్‌ని పంపించేస్తున్నాం. సరుకంతా కంప్యూటర్లోకి ఎక్కించి, బిల్లు కొట్టి, సరుకు బండెక్కేటప్పుడు కావాల్సిన ఈ-వే బిల్లు తీసి, వాట్సాప్ ఆర్డర్లు చూసుకునే మనిషి కావాలని చెప్పి పెట్టాను. చాలామంది వచ్చారు, అందరూ డిగ్రీ, బీటెక్. రెజ్యూమేలో పైథాన్, ఫుల్ స్టాక్, డేటా సైన్స్ అన్నీ ఉన్నాయి. ఒకే సరుకు నాలుగు పేర్లతో పడి ఉన్న ఎక్సెల్ షీట్ ముందు పెట్టి సరిచేయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. పిల్లల్ని తిట్టడానికి రాయట్లేదు. మా అక్క కొడుకు కూడా ఇంతే, అక్క గాజులు కుదువ పెట్టి కోర్సు ఫీజు కట్టింది, వాడు సర్టిఫికెట్ పట్టుకుని ఇంట్లో ఉన్నాడు. అసలు ఈ పని ఎక్కడ నేర్పిస్తారు? షాపులో ఉన్న కుర్రాళ్లకే నేర్పించాలంటే ఎక్కడికి పంపాలి?

ఫ్రెషర్_కూకట్‌పల్లి
జీతం ఎంతో రాయలేదు.

రాణిగంజ్_శ్రీను
12 వేలు. పొద్దున పదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర. ఆదివారం సెలవు.

ఫ్రెషర్_కూకట్‌పల్లి
అన్నా, కోపం తెచ్చుకోకండి. హాస్టల్‌కి, తిండికి, మెట్రోకి పోను మిగిలేది ఏమీ ఉండదు. పది గంటలు షాపులో ఉంటే ఇంటర్వ్యూలకి ఎప్పుడు వెళ్లాలి, ప్రాక్టీస్ ఎప్పుడు చేయాలి? నేను 2024లో బీటెక్ అయిపోయినవాణ్ణి. షీట్ సరిచేయడం రాకపోవడం మా తప్పేనా? నాలుగేళ్లలో ఒక్క సార్ కూడా నిజమైన షాపు లెక్క మా ముందు పెట్టలేదు. ల్యాబ్ రికార్డు చూసి రాశాం, సీనియర్ల ప్రాజెక్టు కొనుక్కుని సబ్మిట్ చేసినవాళ్లే పాసయ్యారు.

లెక్కల_అక్క
ఇద్దరూ నిజమే చెప్తున్నారు. నేను కాచిగూడలో ఉంటాను, చిన్న షాపులకి అకౌంట్స్ చూస్తాను. శ్రీను గారూ, మీరు అడుగుతున్నది ఒక ఉద్యోగం కాదండీ, మూడు. సరుకు జాబితా కట్టడం ఒకటి, బిల్లింగ్-జీఎస్టీ ఒకటి, కస్టమర్లకి జవాబివ్వడం ఇంకొకటి. మూడూ వచ్చినవాడు మీ దగ్గరికి 12 వేలకి రాడు. కానీ ఒకటి వచ్చిన పిల్లవాడికి మిగతా రెండూ నేర్పించుకోవచ్చు.

నేర్చుకోవాలనుకునే పిల్లలకి చెప్తున్నా. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో ఎంట్రీ కొట్టడం వారంలో వచ్చేస్తుంది, దానికి ఎవరూ జీతం ఇవ్వరు. ఆ ఎంట్రీ ఎందుకు అక్కడ పడాలో తెలియాలి. నెల నెలా జీఎస్టీ రిటర్న్ వేసే షాపు అయితే 11వ తేదీకి అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వెళ్లాలి, 14న జీఎస్టీఆర్-2బి వస్తుంది, అందులో మనకి సరుకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులు మన కొనుగోళ్లతో సరిపోయాయో లేదో చూసుకోవాలి, 20కి పన్ను కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బి వేయాలి. ఎదుటివాడు బిల్లు ఎక్కించకపోతే మనం కొన్నప్పుడు కట్టిన పన్ను మనకి క్రెడిట్‌గా రాదు, ఓనర్ జేబులోంచి పోతుంది. ఆ తేడాని 15వ తేదీనే పట్టుకుని సప్లయర్‌కి ఫోన్ చేసే పిల్లని ఏ ఓనరూ వదులుకోడు. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు సొంతంగా ఆరు షాపులు చూసుకుంటోంది, బీకాం మామూలు మార్కులే.

మైత్రీవనం_బ్యాచ్
అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మీద అందరూ పడతారు కాబట్టి ముందే చెప్తున్నా, నేను అక్కడే నేర్చుకుని ఇవాళ ఉద్యోగం చేస్తున్నాను. మైత్రీవనం వెనక గల్లీల్లో మంచి సార్లు ఉన్నారు, తక్కువ ఫీజుకి రోజూ గంటన్నర బోర్డు మీద రాసి చెప్పేవాళ్లు. సమస్య వాళ్లు కాదు. "నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్" అని బోర్డు పెట్టి, కోర్సు అయ్యాక "మూడేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్ ఇస్తాం, ఇంకో లక్ష కట్టు" అనే బ్యాచ్ ఉంది చూడండి, వాళ్లు. మా రూమ్మేట్ ఆ దారిలో వెళ్లాడు. జాబ్ వచ్చింది. వెరిఫికేషన్‌లో దొరికిపోయాడు, తీసేశారు.

హెచ్‌ఆర్_పద్మ
పైన చెప్పింది ప్రతి ఫ్రెషర్ చదవాలి. నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో నియామకాలు చూస్తాను. పీఎఫ్ ఖాతాకి యూఏఎన్ నంబర్ ఉంటుంది, ఎక్కడెక్కడ ఎప్పటినుంచి ఎప్పటివరకు పనిచేశారో ఆ సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. మూడేళ్ల అనుభవం అని రాసి అక్కడ ఏమీ లేకపోతే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది. ఆ మచ్చ తర్వాత కంపెనీలకి కూడా వెంటాడుతుంది. లక్ష పోసి కొనుక్కునేది అదీ.

ఫ్రెషర్ రెజ్యూమేలో నేను చూసేది చాలా తక్కువ. నువ్వు సొంతంగా చేసిన పని ఒక్కటి చూపించు, అందులో ఏది తప్పింది, ఎలా సరిచేశావు చెప్పు. ఒకబ్బాయి వాళ్ల ఊరి పాల కేంద్రానికి రోజూ ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, ఎవరికెంత డబ్బు అనే చిన్న ప్రోగ్రామ్ రాసి తెచ్చాడు. కోడ్ గొప్పగా లేదు. కానీ ఒకే పేరుతో ముగ్గురు రైతులు ఉన్నప్పుడు ఏం చేశాడో చెప్పాడు. తీసుకున్నాం. ఫుడ్ డెలివరీ యాప్‌ల కాపీ ప్రాజెక్టులు రోజూ వస్తాయి, వాటిలో అడగడానికి ఏమీ ఉండదు.

బేగంబజార్_కుర్రాడు
శ్రీనన్న షాపులో ఒక సరుకుకి నాలుగు పేర్లుంటే, ఇక్కడ స్టీలు డబ్బాకి పది పేర్లు. మార్వాడీ ఓనర్ ఒకటంటాడు, హమాలీ ఒకటంటాడు, కస్టమర్ ఫోటో పంపి "ఇదే" అంటాడు.

రాణిగంజ్_శ్రీను
తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు. పైపు మలుపులో వేసే ఎల్బో ఫిట్టింగే చూడండి. "ఒకటి ఇంచి ఎల్బో", "ఎల్బో 25 ఎంఎం", "బెండు 1", గుమాస్తా గారు రాసింది "ఎ.బ. 1". నాలుగూ ఒకటే. స్టాక్ ఎప్పుడూ తప్పే చూపిస్తుంది.

కోడర్_మల్కాజ్‌గిరి
ఇది నిజానికి కంపెనీల్లో జీతాలిచ్చి చేయించే పనే. మా బ్యాంకు ప్రాజెక్టులో ఒకే మనిషి మూడు స్పెల్లింగులతో ఉంటే దాన్ని ఒకటి చేయడానికి టీమ్ మొత్తం కూర్చుంటాం. డేటా క్లీనింగ్ నేర్చుకోవాలంటే ఇంటర్నెట్‌లో దొరికే నమూనా ఫైళ్లు వద్దు, అవి అప్పటికే ఎవరో శుభ్రం చేసి పెట్టినవి. శ్రీను గారి షీట్ అయితే బంగారం. ఫ్రెషర్ తమ్ముడూ, దాన్ని తీసుకుని ముందు ఎక్సెల్‌లో ట్రిమ్, ఎక్స్‌లుకప్, పివట్‌తో చెయ్, తర్వాత అదే పని పైథాన్‌లో డేటాకి వాడే పాండాస్‌తో, చివరికి డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లుగా పెట్టి చెయ్. పద్మ గారు అడిగే ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

ఫ్రెషర్_కూకట్‌పల్లి
అంటే ఊరికే చేసిపెట్టమంటున్నారా? ఇంటర్న్‌షిప్ పేరుతో ఇప్పటికే ఒక చోట చేశాను. జీతం లేదు, చివర్లో సర్టిఫికెట్‌కి మాత్రం డబ్బులడిగారు.

లెక్కల_అక్క
ఊరికే వద్దు. ఎవరికీ ఊరికే చేయొద్దు. పని విలువ తెలియాలంటే డబ్బు చేతులు మారాలి, రెండు వైపులా.

రాణిగంజ్_శ్రీను
ఊరికే అని నేను ఎక్కడా అనలేదు తమ్ముడూ.

బాలానగర్_టర్నర్
టెక్నాలజీ అంటే అందరికీ కంప్యూటర్ ముందు కూర్చోవడమే గుర్తొస్తుంది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి రండి. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే సీఎన్‌సీ, వీఎంసీ మెషిన్లు ఉన్నాయి, నడిపేవాళ్లు లేక రెండో షిఫ్టు ఆగిపోతున్న వర్క్‌షాపులు నాకు తెలుసు. బటన్ నొక్కేవాడు దొరుకుతాడు. డ్రాయింగ్ చదివి, టూల్ ఆఫ్‌సెట్ పెట్టి, మొదటి పీస్ మైక్రోమీటర్‌తో కొలిచి, 0.02 మిల్లీమీటర్ తేడా వస్తే ప్రోగ్రామ్‌లో ఎక్కడ మార్చాలో తెలిసినవాడు దొరకడు. ఇక్కడే బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ ఉంది, 1968 నుంచి. పదో తరగతి తర్వాత టూల్, డై, మౌల్డ్ మేకింగ్‌లో, అంటే పనిముట్లు, అచ్చులు చేయడంలో, నాలుగేళ్ల డిప్లొమా ఉంటుంది. పక్క వీధి పిల్లలకే దాని పేరు తెలియదు, పక్కనుంచే బస్సెక్కి ఊరవతల ఇంజనీరింగ్ కాలేజీలకి వెళ్తారు.

చిక్కడపల్లి_చదువరి
ఐటీఐలు పాత మెషిన్లతోనే నడుస్తున్నాయి కదా అన్నా? మా కజిన్ చదివిన చోట లేత్ మెషిన్ వాళ్ల నాన్న వయసుది.

బాలానగర్_టర్నర్
చాలా చోట్ల అలాగే ఉండేది. 65 ప్రభుత్వ ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు, మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. రోబోటిక్స్, సీఎన్‌సీ లాంటివి అందులో ఉన్నాయి. మెషిన్ వస్తే సరిపోదు, నేర్పే సార్ వర్క్‌షాపులో చేతికి గ్రీజు అంటుకున్నవాడై ఉండాలి. అది చూడాలి.

ఇంకొకటి, శ్రీను గారికి పనికొచ్చేది. అప్రెంటిస్‌షిప్. 1961 చట్టం కింద 30 మంది, అంతకు మించి ఉన్నచోట అప్రెంటిస్‌లని తీసుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 మంది ఉంటే ఇష్టాన్ని బట్టి తీసుకోవచ్చు. కేంద్రం న్యాప్స్ పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1500 దాకా భరిస్తుంది. ఒప్పందం ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఉంటుంది కాబట్టి పిల్లవాడికి కూడా చివర్లో చేతికి నిజమైన కాగితం వస్తుంది, ఎవరికీ డబ్బులు కట్టక్కర్లేదు.

రాణిగంజ్_శ్రీను
షాపులకి కూడా వర్తిస్తుందని నాకు తెలియదు. మేం ఏడుగురం. చూస్తాను.

దిల్‌సుఖ్‌నగర్_బొటిక్
నేను బ్లౌజులు, లెహంగాలు కుడతాను, ఇద్దరు టైలర్లు ఉన్నారు. నాకు ఏ కోర్సూ లేదు. ఎదురింటి ఇంటర్ చదివే అమ్మాయి వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టడం, గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టడం, కిటికీ పక్కన వెలుగులో ఫోటో తీయడం నేర్పింది. వాట్సాప్ క్యాటలాగ్, గూగుల్ మ్యాప్స్ రెండూ ఉచితమే, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ఆ అమ్మాయికి నెలకింతని ఇస్తున్నాను, డ్రెస్సులు కుట్టించుకోవడం వేరే లెక్క!! ఆర్డర్లు ఎల్బీనగర్ దాటి వస్తున్నాయి ఇప్పుడు.

కానీ చిన్న వ్యాపారాలకి ముందు నేర్పాల్సింది ఇది కాదని నా అభిప్రాయం. మోసాలు. ఆర్మీ ఆఫీసర్ని అని ఒకడు ఫోన్ చేసి ఇరవై లెహంగాలు ఆర్డరిచ్చాడు, అడ్వాన్స్ పంపిస్తున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. డబ్బు మనకి రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పంపడానికే పిన్. ఈ ఒక్క ముక్క తెలియక మా వీధిలో కిరాణా ఆయన నెల సంపాదన పోగొట్టుకున్నాడు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆయన సిగ్గుపడి రెండ్రోజులు ఇంట్లో కూడా చెప్పలేదు.

లెక్కల_అక్క
దీనికి తోడు చిన్న వ్యాపారాలని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్. ప్రభుత్వ పోర్టల్‌లో పైసా ఖర్చు లేదు, ఆధార్‌తో అయిపోతుంది. అచ్చం అలాగే కనిపించే వెబ్‌సైట్లు పెట్టి రెండు మూడు వేలు గుంజుతున్నారు. నా దగ్గరికొచ్చే ప్రతి కొత్త క్లయింటూ ఎవరికో ఒకరికి కట్టే వస్తాడు.

చిక్కడపల్లి_చదువరి
ఇన్ని చెప్తున్నారు కానీ ఇప్పుడు చాట్‌జీపీటీ ఉంది. ఫార్ములా అడిగితే ఇస్తుంది, కోడ్ అడిగితే రాస్తుంది. ఇవన్నీ నేర్చుకోవడం ఎందుకు? నేను గ్రూప్స్‌కే ప్రిపేర్ అవుతున్నా.

కోడర్_మల్కాజ్‌గిరి
నేను రోజూ వాడతాను. పని తొందరగా అవుతుంది. అది ఇచ్చింది తప్పో ఒప్పో చెప్పగలిగినవాడికే జీతం.

లెక్కల_అక్క
ఉదాహరణ నేనిస్తా. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి, 12, 28 శ్లాబులు చాలావరకు పోయాయి. నేను లెక్కలు చూసే బండ్ల స్పేర్ పార్టుల షాపు ఒకటి ఉంది, సరుకు 28 నుంచి 18కి వచ్చింది. అక్కడి కుర్రాడు ఫోన్‌లో ఏఐని అడిగి పాత రేటుతోనే బిల్లులు కొట్టుకుంటూ పోయాడు, అది అంత ధీమాగా చెప్పిందట. ఓనర్ కస్టమర్లందరికీ క్రెడిట్ నోట్లు ఇవ్వాల్సి వచ్చింది. రేటు ఎక్కడ చూడాలి, సరుకు ఏ రకమో చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఏంటి, ఏ తేదీ నుంచి అమలు, ఇవి తెలిసిన పిల్ల చేతిలో అదే ఏఐ పది మంది పని చేస్తుంది.

పాత_సెట్విన్
సెట్విన్ అంటే చాలామందికి ఆ చిన్న బస్సులే గుర్తొస్తాయి. 1978లో జంట నగరాల్లో యువతకి ఉపాధి కోసం పెట్టిన సంస్థ అది, శిక్షణ కూడా ఇస్తుంది, ఫీజు బయటి కంటే బాగా తక్కువ. నేను పాతబస్తీ సెంటర్లో కంప్యూటర్ నేర్చుకుని డీటీపీతో మొదలుపెట్టి ఇప్పుడు ఛత్తాబజార్‌లో సొంత ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. మా ఇళ్లలో ఆడపిల్లల్ని అమీర్‌పేట దాకా పంపరు, ఇంటి దగ్గర సెంటర్ ఉంటే పంపుతారు. ఈ చర్చలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. దూరం చాలా పెద్ద విషయం.

మైత్రీవనం_బ్యాచ్
చాచా చెప్పింది కరెక్టు. యూసఫ్‌గూడలో చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ ఎన్ఐ-ఎంఎస్ఎంఈ ఉంది, 1962 నుంచి హైదరాబాద్‌లోనే. ఆడవాళ్ల వ్యాపారాలకి 2018లో వీ-హబ్ వచ్చింది. కాలేజీలో ఉన్నవాళ్లు, రాష్ట్ర నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్‌లో మీ కాలేజీ నమోదైందో లేదో అడగండి. ఇంట్లోంచి కదల్లేనివాళ్లకి ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు, డేటాబేస్ అయినా పైథాన్ అయినా ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పినవి, చూడటం ఉచితం, పరీక్ష రాయాలంటేనే ఫీజు, అదీ సెంటర్‌కి వెళ్లి రాయాలి కాబట్టి దానికి విలువ ఉంది.

బేగంబజార్_కుర్రాడు
కందుకూరు దగ్గర స్కిల్స్ యూనివర్సిటీ కూడా పెట్టారు కదా.

మైత్రీవనం_బ్యాచ్
అవును, యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ. 2024 ఆగస్టు 1న మీర్‌ఖాన్‌పేటలో శంకుస్థాపన చేశారు, ఆనంద్ మహీంద్రాని చైర్‌పర్సన్‌గా పెట్టారు. మంచిదే.

పాత_సెట్విన్
మంచిదే కానీ బేగంబజార్ కుర్రాడు షాపు మూసి అక్కడికి ఎలా వెళ్తాడు? టీ-హబ్ కూడా రాయదుర్గంలో ఎంతో పెద్ద భవనం, స్టార్టప్‌లకి చాలా ఉపయోగపడింది, నేను కాదనను. మా షాపులకి కావాల్సింది ఉస్మాన్‌గంజ్‌లో ఒకటి, రాణిగంజ్‌లో ఒకటి, బాలానగర్‌లో ఒకటి, పది కంప్యూటర్లున్న గది. రాత్రి ఎనిమిదిన్నరకి షట్టర్లు దించాక గంటసేపు. ఆదివారం పొద్దున రెండు గంటలు. తెలుగులో, ఉర్దూలో, హిందీలో చెప్పే మనిషి. మార్కెట్ అసోసియేషన్లకి సొంత ఆఫీసు గదులు ఉన్నాయి, రాత్రి పూట ఖాళీగానే ఉంటాయి.

దిల్‌సుఖ్‌నగర్_బొటిక్
ఆడవాళ్లకి రాత్రి ఎనిమిదిన్నర కుదరదు చాచా. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు పెట్టండి, అప్పుడు గిరాకీ కూడా తక్కువే.

పాత_సెట్విన్
నిజమే బేటీ. రెండు బ్యాచ్‌లు.

హెచ్‌ఆర్_పద్మ
ఈ గదిలో పాఠం చెప్పడానికి నిరుద్యోగంలో ఉన్న బీటెక్ పిల్లల్నే పెట్టండి, జీతమిచ్చి. నలభై ఏళ్ల షాపు ఓనర్‌కి అర్థమయ్యేలా చెప్పగలిగినవాడు మా ఇంటర్వ్యూలో తడబడడు.

రాణిగంజ్_శ్రీను
అందరి మాటలూ చదివాను. ఫ్రెషర్ తమ్ముడూ, నువ్వు అడిగిన దానికి సమాధానం. పది గంటలు వద్దు, పొద్దున పదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. మూడు నెలలు. సరుకు జాబితా మొత్తం నువ్వు కట్టాలి. నెలకి 12 వేలే ఇస్తాను, సగం రోజుకి. ఫైల్‌లో కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, కొనుగోలు ధరలు తీసేసి మిగతాది నీ ప్రాజెక్టుగా చూపించుకో. గుమాస్తా గారు రోజూ గంట నీ పక్కన కూర్చుంటారు, ఏది ఏ సరుకో ఆయన చెప్తేనే తెలుస్తుంది. ఆయన ఒప్పుకున్నారు.

ఫ్రెషర్_కూకట్‌పల్లి
వస్తాను అన్నా. రెండు విషయాలు. ఇంటర్వ్యూ కాల్ వస్తే ఆ రోజు సెలవు కావాలి. మీ అక్కగారి అబ్బాయిని కూడా నాతో కూర్చోబెట్టండి, వేల రకాల సరుకు ఒక్కడితో మూడు నెలల్లో అవ్వదు. ఒకరు చదవాలి, ఒకరు కొట్టాలి.

రాణిగంజ్_శ్రీను
సెలవు సరే. వాణ్ణి అడుగుతాను. వాడికీ జీతం ఇస్తే బడ్జెట్ ఎక్కువవుతుంది, ఇవాళ రాత్రి నాన్నతో మాట్లాడతాను. బార్‌కోడ్ ప్రింటర్ కొనమంటారా ఇప్పుడే?

లెక్కల_అక్క
ఇప్పుడే వద్దండీ! ముందు ప్రతి సరుకుకి ఒకే పేరు, ఒకే కోడ్, కొలత, హెచ్‌ఎస్‌ఎన్, రాక్ నంబర్. ఈ ఐదు కాలమ్స్ నిండాక ప్రింటర్. ఖాళీ షీట్ నమూనా నా దగ్గర ఉంది, రేపు ఇక్కడే పెడతాను, ఎవరైనా వాడుకోవచ్చు.

బాలానగర్_టర్నర్
అక్కా, అందులో పైపు థ్రెడ్, అంటే మర రకానికి ఒక కాలమ్ కలపండి. బీఎస్పీ, ఎన్పీటీ అనే రెండు రకాల మరలు కలిసిపోతే సరుకు వెనక్కి వస్తుంది.

రాణిగంజ్_శ్రీను
అన్నా అది నిజంగా జరుగుతోంది మా దగ్గర. కలపండి అక్కా.